క్యూబర్నెటీస్‌లో లాగ్స్, మెట్రిక్స్, ట్రేసెస్ మొదటి నుంచి సెట్ చేసుకోవడం ఎలా

ఒకసారి మా ప్రొడక్షన్‌లో ఆర్డర్ సర్వీస్ పాడ్ (క్యూబర్నెటీస్ కంటైనర్లని నడిపే చిన్న యూనిట్) ఒకటి పది నిమిషాలకోసారి పడిపోయి మళ్లీ లేస్తోంది. క్యూబ్‌సీటీఎల్ అనే కమాండ్‌తో లాగ్స్ తీసి చూస్తే అంతా శుభ్రంగానే ఉంది, సర్వర్ స్టార్ట్ అయింది, డేటాబేస్ కనెక్ట్ అయింది, 8080 పోర్ట్ రెడీ, అలా నాలుగు లైన్లు. అరగంట ఆ నాలుగు లైన్లే చూశాను. నేను చూస్తున్నది పడిపోయిన కంటైనర్ లాగ్ కాదు, దాని చోట కొత్తగా లేచినదాని లాగ్. ప్రీవియస్ అనే ఫ్లాగ్ పెట్టి అడిగితే పాతదాని లాగ్ వచ్చింది కానీ అందులోనూ ఒక్క ఎర్రర్ లేదు, ఎందుకంటే మెమరీ లిమిట్ దాటిందని కెర్నెల్ దాన్ని చంపేసింది, ఎగ్జిట్ కోడ్ 137, అంటే 128కి సిగ్‌కిల్ నంబర్ 9 కలిపితే వచ్చేది, సిగ్‌కిల్ పడ్డ ప్రాసెస్‌కి ఒక్క లైన్ రాసుకునే టైమ్ కూడా ఉండదు.

అంటే నాక్కావాల్సిన జవాబు లాగ్స్‌లో లేనే లేదు. మెమరీ పెరుగుతోందని మెట్రిక్ చెప్తుంది, ఏ రిక్వెస్ట్ వల్ల పెరిగిందో ట్రేస్ (ఒక రిక్వెస్ట్ సర్వీసుల మధ్య నడిచిన దారి రికార్డు) చెప్తుంది, ఆ రిక్వెస్ట్‌లో ఏం జరిగిందో లాగ్ చెప్తుంది. మూడూ విడివిడిగా చాలామంది దగ్గర ఉంటాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లే దారే ఉండదు. ఈ గైడ్ అంతా ఆ దారి వేసుకోవడం గురించే. అందుకే టూల్స్‌తో కాకుండా యాప్ కోడ్‌తో మొదలుపెడతాను, డాష్‌బోర్డ్ ఎంత మంచిది కొన్నా యాప్ రాయని సమాచారాన్ని అది చూపించలేదు.

అబ్జర్వబిలిటీ అన్న మాట మొదట సాఫ్ట్‌వేర్‌ది కూడా కాదు, 1960లో రుడాల్ఫ్ కాల్మన్ కంట్రోల్ థియరీలో వాడాడు, బయటికి వచ్చే అవుట్‌పుట్‌ని బట్టి లోపల సిస్టమ్ ఏ స్థితిలో ఉందో తెలుసుకోగలమా అనేది దాని అర్థం. మనకీ సరిగ్గా అదే కావాలి.

స్టెప్ 1: లాగ్ అసలు ఎక్కడ పడుతోందో చూసుకోండి

కంటైనర్‌లో యాప్ స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి గానీ స్టాండర్డ్ ఎర్రర్‌కి గానీ రాసే ప్రతి లైన్‌నీ కంటైనర్‌డీ లాంటి రన్‌టైమ్ పట్టుకుని ఆ కంటైనర్ నడుస్తున్న మెషీన్, అంటే నోడ్, డిస్క్ మీద ఫైల్‌లో రాస్తుంది. ఆ ఫైల్ 10 ఎంబీ అవగానే క్యూబ్‌లెట్ (ప్రతి నోడ్ మీద పాడ్‌లని చూసుకునే క్యూబర్నెటీస్ ప్రోగ్రామ్) దాన్ని రొటేట్ చేస్తుంది, ఒక్కో కంటైనర్‌కి 5 ఫైళ్లే ఉంచుతుంది, డీఫాల్ట్ సెట్టింగ్ ఇదే. అంటే ఎంత రాసినా మీకు మిగిలేది 50 ఎంబీ చిల్లర. పైగా క్యూబ్‌సీటీఎల్ లాగ్స్ కమాండ్ ఆఖరి ఫైల్ ఒక్కటే చూపిస్తుంది, కాబట్టి ఇప్పుడే రొటేట్ అయ్యుంటే మీకు దాదాపు ఖాళీ స్క్రీన్ కనిపిస్తుంది. పాడ్ డిలీట్ అయితే ఫైళ్లు పోతాయి, ఆటోస్కేలర్ నోడ్‌నే తీసేస్తే అన్నీ పోతాయి. పాడ్‌ని ఎందుకు తీసేశారో చెప్పే క్యూబర్నెటీస్ ఈవెంట్లు కూడా డీఫాల్ట్‌గా ఒక గంటే ఉంటాయి, చాలామంది ఇది పట్టించుకోరు, తెల్లారి వచ్చి చూస్తే ఏమీ ఉండదు. ఈవెంట్లని కూడా లాగ్స్‌లాగే బయటికి పంపించి దాచుకోండి.

యాప్ కంటైనర్ లోపల సొంత ఫైల్‌లో లాగ్ రాస్తుంటే ముందు అది మానిపించండి. స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి రాయడం వరకే యాప్ పని, మోసుకెళ్లడం, దాచడం ప్లాట్‌ఫామ్ పని.

స్టెప్ 2: లాగ్ లైన్‌ని బాగుచెయ్యండి

ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి. నేను చూసిన కోడ్‌బేస్‌లలో సగానికి సగం లాగ్స్ ఇలా ఉంటాయి:

పేమెంట్ ఫెయిల్ అయింది, మళ్లీ ట్రై చెయ్యండి

ఎవరి పేమెంట్, ఏ ఆర్డర్, ఎన్నోసారి, ఎంతసేపు ఆగాక, అవతల గేట్‌వే ఏమంది, ఏదీ లేదు. రాసినవాడికి ఆ రోజు అర్థమైంది, ఆర్నెల్ల తర్వాత చదివేవాడికి కాదు. అదే లైన్‌ని జేసన్‌లో ఫీల్డ్స్‌గా విడగొట్టి రాస్తే అందులో ఉండాల్సినవి ఇవి:

టైమ్: మిల్లీసెకన్లతో, యూటీసీలో
లెవెల్: ఎర్రర్
సర్వీస్: పేమెంట్, వెర్షన్: 2.14.1
ఈవెంట్: పేమెంట్_ఫెయిల్డ్
ఆర్డర్ ఐడీ: 88213
ప్రయత్నం: 3
పట్టిన టైమ్: 5003 మిల్లీసెకన్లు
కారణం: గేట్‌వే_టైమౌట్
ట్రేస్ ఐడీ: (స్టెప్ 3లో చెప్తాను)

చూడండి, 5003 అని కనిపించగానే ఎక్కడో 5 సెకన్ల టైమౌట్ పెట్టి ఉందని తెలిసిపోతుంది, ఇక కోడ్ కూడా తెరవక్కర్లేదు. ఈవెంట్ పేరు ఎప్పుడూ మారకూడదు, మారే విలువలన్నీ వేరే ఫీల్డ్స్‌లో పెట్టాలి, అలా అయితేనే గంటలో ఎన్ని ఫెయిల్ అయ్యాయి, ఏ వెర్షన్‌లో మొదలైంది అని లెక్కపెట్టగలరు. వాక్యం మధ్యలో ఆర్డర్ నంబర్ ఇరికిస్తే ప్రతి లైనూ వేరే లైనే అవుతుంది, అప్పుడు రెగెక్స్‌లతో కుస్తీ పట్టాల్సి వస్తుంది. ఫీల్డ్ పేర్లు అన్ని టీమ్‌లూ ఒకేలా వాడాలి, ఒకళ్లు యూజర్ ఐడీ అని, ఇంకొకళ్లు కస్టమర్ ఐడీ అని రాస్తే రెండు సర్వీసుల లాగ్స్ కలిపి వెతకలేరు, ఓపెన్‌టెలిమెట్రీలో (లాగ్స్, మెట్రిక్స్, ట్రేసెస్‌కి ఉన్న ఓపెన్ స్టాండర్డ్, స్టెప్ 3లో వస్తుంది) సెమాంటిక్ కన్వెన్షన్స్ అని పేర్ల పట్టిక ఉంది, సొంతంగా కనిపెట్టకుండా అదే తీసుకోండి.

జేసన్ వల్ల ఇంకో లాభం స్టాక్ ట్రేస్ దగ్గర తెలుస్తుంది. జావా ఎక్సెప్షన్ మామూలుగా ప్రింట్ అయితే నలభై లైన్లు, రన్‌టైమ్‌కి అవి నలభై వేర్వేరు లాగ్స్, మధ్యలో వేరే థ్రెడ్ లైన్లు దూరితే ఇక ఏది ఎవరిదో తెలీదు. జేసన్‌లో అదంతా ఒక ఫీల్డ్‌లో ఒకే లైన్‌గా పోతుంది. అయితే కంటైనర్‌డీ డీఫాల్ట్‌గా 16 కేబీ దాటిన లైన్‌ని ముక్కలు చేస్తుంది, ముక్కకి పీ అని, ఆఖరిదానికి ఎఫ్ అని గుర్తు పెడుతుంది, లాగ్స్ పోగుచేసే మీ ఏజెంట్ (స్టెప్ 4లో వస్తుంది) వాటిని మళ్లీ అతికేలా సెట్ చెయ్యకపోతే విరిగిన జేసన్ స్టోరేజ్‌కి వెళ్తుంది. రిక్వెస్ట్ బాడీ మొత్తం లాగ్ చేసే అలవాటు ఉన్నచోట ఇది తరచూ వస్తుంది.

లెవెల్స్ గురించి నా పద్ధతి ఇది. ఎర్రర్ అంటే మనిషి చూడాల్సింది. వార్నింగ్ అంటే సిస్టమ్ తనే సర్దుకుంది గానీ ఎక్కువైతే చూడాలి. ఇన్ఫో అంటే బిజినెస్‌లో ఏదో జరిగింది. డీబగ్ ప్రొడక్షన్‌లో ఆఫ్, కానీ రీడిప్లాయ్ చెయ్యకుండా ఆన్ చేసుకునే వీలుండాలి. యూజర్ తప్పు పాస్‌వర్డ్ కొట్టడం ఎర్రర్ కాదండీ, దాన్ని ఎర్రర్‌గా రాసి రాసి చివరికి టీమ్ అంతా ఎర్రర్ అన్న మాట చూడ్డమే మానేస్తారు. అలాగే ఒక ఎక్సెప్షన్‌ని పట్టుకుని లాగ్ చేసి మళ్లీ పైకి విసరడం, పైన ఇంకొకళ్లు మళ్లీ లాగ్ చెయ్యడం, ఒక ఫెయిల్యూర్‌కి నాలుగు ఎర్రర్లు పడతాయి, ఎవరు హ్యాండిల్ చేస్తారో వాళ్లే రాయాలి, ఒక్కసారే.

పాస్‌వర్డ్‌లు, టోకెన్‌లు, కార్డ్ నంబర్లు లాగ్స్‌లోకి రాకూడదని అందరికీ తెలుసు, అయినా వస్తాయి. 2018 మేలో ట్విట్టర్ తన 33 కోట్ల మంది యూజర్లనీ పాస్‌వర్డ్ మార్చుకొమ్మని చెప్పాల్సి వచ్చింది, హ్యాష్ చెయ్యకముందే పాస్‌వర్డ్‌లు లోపలి లాగ్‌లో పడిపోతున్నాయని వాళ్లే బయటపెట్టారు. ఫలానావి దాచు అని లిస్ట్ రాసుకుంటే ఏదో ఒకటి మర్చిపోతారు, కాబట్టి తిరగెయ్యండి, ఫలానా ఫీల్డ్స్ మాత్రమే రాయి అని లిస్ట్ పెట్టండి. ఏజెంట్‌లో మాస్కింగ్ కూడా పెట్టుకోండి, కానీ అది రెండో తలుపే. ఇంకోటి, యూజర్ పంపిన టెక్స్ట్‌ని నమ్మి లాగ్ చెయ్యొద్దు. 2021 డిసెంబర్‌లో బయటపడ్డ లాగ్‌ఫోర్‌షెల్‌లో జరిగింది అదే, లాగ్ మెసేజ్‌లోకి ఒక స్ట్రింగ్ పంపిస్తే లాగింగ్ లైబ్రరీ బయట సర్వర్ నుంచి కోడ్ తెచ్చుకుని నడిపేసేది. లాగింగ్ లైబ్రరీ కూడా అప్‌డేట్ చెయ్యాల్సిన డిపెండెన్సీయే.

స్టెప్ 3: ట్రేస్ ఐడీ ప్రతిచోటా పారాలి

ఒక్కటి మాత్రమే చేసే టైమ్ ఉంటే ఇది చెయ్యండి.

ఓపెన్‌ట్రేసింగ్, ఓపెన్‌సెన్సస్ అని రెండు ప్రాజెక్టులు 2019లో కలిసిపోయి ఓపెన్‌టెలిమెట్రీ అయ్యాయి, ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వేరేది ఆలోచించక్కర్లేదు. జావా, పైథాన్, నోడ్.జేఎస్‌లో ఆటో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఉంది, కోడ్ ముట్టుకోకుండా ఏజెంట్ తగిలిస్తే హెచ్‌టీటీపీ కాల్స్, డేటాబేస్ క్వెరీలు స్పాన్‌లుగా (ట్రేస్‌లో ఒక్కో పని ఒక్కో స్పాన్) వచ్చేస్తాయి. గో లాంగ్వేజ్‌లో ఎక్కువగా కోడ్‌లో చేత్తో పెట్టుకోవాలి, ట్రేస్ ఐడీ లాంటివి మోసే కాంటెక్స్ట్‌ని ప్రతి ఫంక్షన్‌కీ అందించుకుంటూ పోవాలి.

లోపల జరిగేది సింపులే. మొదటి సర్వీస్ 32 హెక్స్ అక్షరాల ట్రేస్ ఐడీ ఒకటి తయారుచేస్తుంది, ప్రతి పనికీ 16 అక్షరాల స్పాన్ ఐడీ ఇస్తుంది, పక్క సర్వీస్‌ని పిలిచేటప్పుడు ఈ రెండూ ట్రేస్‌పేరెంట్ అనే హెడర్‌లో పంపిస్తుంది, ఆ హెడర్ ఫార్మాట్ డబ్ల్యూ3సీ స్టాండర్డ్. పక్కది అదే ట్రేస్ ఐడీ కింద తన స్పాన్ కలుపుతుంది. ఇప్పుడు మీరు చెయ్యాల్సిన పని లాగర్ కాన్ఫిగ్‌లో ఈ ట్రేస్ ఐడీ, స్పాన్ ఐడీ ప్రతి లాగ్ లైన్‌లోకి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టడం, జావాలో అయితే ఎండీసీ (లాగర్‌లో థ్రెడ్‌కి అతుక్కుని ఉండే చిన్న డేటా) ద్వారా. ఒక ఎర్రర్ లైన్ దొరికితే చాలు, ఆ ఐడీతో వెతికితే ఆరు సర్వీసుల్లో ఆ ఒక్క రిక్వెస్ట్‌కి సంబంధించిన లైన్లన్నీ వరసగా వచ్చేస్తాయి.

ట్రేస్ తెగేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి మెసేజ్ క్యూ, కాఫ్కాలోకి మెసేజ్ వేసేటప్పుడు హెడర్స్‌లో కాంటెక్స్ట్ పెట్టకపోతే అవతల కన్స్యూమర్ కొత్త ట్రేస్ మొదలెట్టేస్తుంది. రెండోది థ్రెడ్ పూల్, పని వేరే థ్రెడ్‌కి ఇచ్చినప్పుడు కాంటెక్స్ట్ వెనకే ఉండిపోతుంది. మధ్యలో ఉన్న ప్రాక్సీ హెడర్‌ని తీసేస్తోందేమో కూడా చూడండి.

మొదట చెప్పిన ఆర్డర్ సర్వీస్ సంగతి చివరికి ఇలాగే తేలింది. మెమరీ గ్రాఫ్ పైకి లేచిన నిమిషంలో వచ్చిన ట్రేసులు పట్టిన టైమ్ ప్రకారం సార్ట్ చేశాను. ఒకటి మిగతావాటికంటే చాలా పొడుగ్గా ఉంది. తెరిస్తే పైన ఎక్స్‌పోర్ట్ అనే స్పాన్, దాని కింద మెట్లు మెట్లుగా ఒకే డేటాబేస్ క్వెరీ వందలసార్లు, ఒకటి అవ్వగానే ఇంకోటి, ఆర్డర్‌కి ఒకటి చొప్పున. ఎవరో పెద్ద కస్టమర్ తన మొత్తం ఆర్డర్లు డౌన్‌లోడ్ చేసుకుంటున్నాడు, కోడ్ అన్నీ మెమరీలో పోగేసి చివర్లో ఫైల్ రాస్తోంది. పేజీలుగా తెచ్చి తెచ్చినంత రాసేసేలా మార్చాం, రీస్టార్ట్‌లు ఆగిపోయాయి. ఇది ఏ లాగ్ చదివినా దొరికేది కాదు.

స్టెప్ 4: పోగుచేసే ఏజెంట్

ప్రతి నోడ్ మీద ఒకటి చొప్పున డీమన్‌సెట్‌గా ఏజెంట్ నడపండి. ఫ్లూయెంట్ బిట్ సీలో రాసింది, తేలిక. ఓపెన్‌టెలిమెట్రీ కలెక్టర్ అయితే లాగ్స్, మెట్రిక్స్, ట్రేసెస్ మూడింటికీ ఒకటే సరిపోతుంది, జీఆర్‌పీసీకి 4317, హెచ్‌టీటీపీకి 4318 పోర్ట్. నేను కొత్త క్లస్టర్‌లో కలెక్టరే పెడతాను, ఇప్పటికే ఫ్లూయెంట్ బిట్ బాగా నడుస్తున్నచోట దాన్ని కదపను. పాడ్ పేరు, నేమ్‌స్పేస్, డిప్లాయ్‌మెంట్ పేరు లాగ్‌కి తగిలించే క్యూబర్నెటీస్ మెటాడేటా ప్లగిన్ తప్పకుండా ఆన్ చెయ్యండి.

తర్వాత మూడు విషయాలు చూడండి. ఏజెంట్ ఎంతవరకు చదివిందో గుర్తుపెట్టుకునే ఫైల్ నోడ్ డిస్క్ మీద ఉండాలి, కంటైనర్ లోపల ఉంటే ఏజెంట్ రీస్టార్ట్ అయినప్పుడు అన్నీ మళ్లీ పంపడమో మధ్యలోవి వదిలెయ్యడమో జరుగుతుంది. బఫర్ డిస్క్ మీద పెట్టండి, మెమరీ బఫర్ ఒక్కటే ఉంటే స్టోరేజ్ పది నిమిషాలు అందకపోతే ఏజెంట్ చదవడం ఆపేస్తుంది, ఈలోపు క్యూబ్‌లెట్ ఫైళ్లు రొటేట్ చేసేస్తుంది, ఆ లాగ్స్ ఇక దొరకవు. కలెక్టర్‌లో మెమరీ లిమిటర్‌ని ప్రాసెసర్లలో మొదటిదిగా పెట్టండి, లేకపోతే ట్రాఫిక్ పెరిగిన రోజే కలెక్టర్ కూడా 137తో పడిపోతుంది.

స్టెప్ 5: ఎక్కడ దాచాలి

ఎలాస్టిక్‌సెర్చ్, ఓపెన్‌సెర్చ్ లాంటివి డీఫాల్ట్‌గా ప్రతి ఫీల్డ్‌నీ ఇండెక్స్ చేస్తాయి, ఏ మాట వెతికినా వెంటనే వస్తుంది, బదులుగా డిస్క్, మెమరీ బాగా తింటాయి. లోకీ లేబుల్స్‌ని మాత్రమే ఇండెక్స్ చేసి మిగతాది కంప్రెస్ చేసి ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో పడేస్తుంది, చవక, కానీ లేబుల్ ఇచ్చి టైమ్ తగ్గించి వెతకాలి. లాగ్స్‌ని ట్రేస్ ఐడీతో, సర్వీస్ పేరుతో వెతికే టీమ్‌కి లోకీ చాలు. ఆడిట్, సెక్యూరిటీ వాళ్లు ఏ మాట పడితే ఆ మాట వెతుకుతారంటే మొదటిదే.

లోకీలో యూజర్ ఐడీనో ట్రేస్ ఐడీనో లేబుల్‌గా పెట్టడం అందరూ చేసే తప్పు, ఒక్కో విలువకీ ఒక్కో స్ట్రీమ్ (విడి లాగ్ వరస) పుట్టి మొత్తం కూలబడుతుంది. నేమ్‌స్పేస్, యాప్, లెవెల్ లాంటివే లేబుల్స్, ఐడీలు స్ట్రక్చర్డ్ మెటాడేటాలోనో లైన్‌లోనో ఉండాలి. ఎలాస్టిక్‌సెర్చ్‌లో వేరే ఇబ్బంది, ఒక సర్వీస్ స్టేటస్‌ని 200 అని నంబర్‌గా పంపింది, ఇంకోటి ఓకే అని టెక్స్ట్‌గా పంపింది అనుకోండి, ముందు వచ్చిన నంబర్‌ని బట్టి ఫీల్డ్ టైప్ ఖాయమైపోతుంది, రెండోదాని లాగ్స్‌ని ఇండెక్స్ తిప్పికొడుతుంది, లాగ్స్ రావట్లేదని ఎవరో అడిగేదాకా తెలీదు. ఒక ఇండెక్స్‌కి 1000 ఫీల్డ్స్ అనే డీఫాల్ట్ లిమిట్ కూడా ఉంది. స్టెప్ 2లో ఫీల్డ్ పేర్లు ఒకేలా ఉండాలని అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

స్టెప్ 6: మెట్రిక్స్, అలర్ట్స్

మెట్రిక్స్ పోగుచేసి దాచే ప్రోమీథియస్ పెట్టండి. ప్రతి సర్వీస్‌కి నాలుగు చూడండి: రిక్వెస్ట్‌కి పట్టే టైమ్, ఎన్ని రిక్వెస్ట్‌లు, ఎన్ని ఫెయిల్, సీపీయూ మెమరీ కనెక్షన్ పూల్ ఎంత నిండాయి. గూగుల్ ఎస్‌ఆర్‌ఈలు (సర్వీసులు పడిపోకుండా చూసే ఇంజినీర్లు) గోల్డెన్ సిగ్నల్స్ అన్నది వీటినే. టైమ్‌కి యావరేజ్ వాడొద్దు, వందలో తొంభై తొమ్మిది రిక్వెస్ట్‌లు 50 మిల్లీసెకన్లలో అయ్యి ఒకటి 5 సెకన్లు తీసుకున్నా యావరేజ్ 100 లోపే ఉంటుంది, హిస్టోగ్రామ్ తీసి 95, 99 పర్సెంటైల్స్ చూడండి. ఇక్కడ కూడా యూజర్ ఐడీలు లేబుల్స్‌గా వద్దు.

అలర్ట్‌ని యూజర్‌కి తగిలే బాధ మీద పెట్టండి, సీపీయూ 80 దాటింది అన్నదాని మీద కాదు. 99.9 శాతం టార్గెట్ అనుకుంటే 30 రోజుల్లో మీకు ఉన్న బడ్జెట్, అంటే సర్వీస్ పాడైనా పర్వాలేదనుకునే టైమ్, 43 నిమిషాలు చిల్లర. ఎర్రర్లు ఆ బడ్జెట్ సరిగ్గా 30 రోజులకి సరిపోయే వేగానికి 14.4 రెట్లు వేగంగా గంటసేపు వస్తే నెల బడ్జెట్‌లో 2 శాతం ఆ గంటలోనే పోతుంది, అప్పుడు నిద్ర లేపండి. నెమ్మదిగా తినేవాటికి టికెట్ చాలు. హిస్టోగ్రామ్‌లో ఎగ్జెంప్లార్స్ (కొలతతో పాటు దాచే ట్రేస్ ఐడీలు) ఆన్ చేస్తే గ్రాఫ్ మీద చుక్క నొక్కి నేరుగా ట్రేస్‌లోకి వెళ్లొచ్చు, ట్రేస్ నుంచి లాగ్‌కి స్టెప్ 3లోనే దారి వేశాం.

స్టెప్ 7: అక్కర్లేనివి తీసెయ్యండి

డీఫాల్ట్‌గా ప్రోబ్ (పాడ్ బాగుందా అని క్యూబ్‌లెట్ చేసే చెక్) 10 సెకన్లకోసారి వస్తుంది. లైవ్‌నెస్, రెడీనెస్ రెండూ ఉంటే ఒక పాడ్‌కి రోజుకి 17,280 హెల్త్‌చెక్ లైన్లు, 200 పాడ్‌లుంటే 34 లక్షల పైచిలుకు. ఎవరూ ఎప్పుడూ చదవరు. ముందు ఇవి యాప్‌లోనే ఆపెయ్యండి.

ట్రేసులన్నీ దాచక్కర్లేదు. మొదట్లోనే పది శాతం తీసుకో అని పెడితే సులువే కానీ ఎర్రర్ వచ్చినదే పోవచ్చు. టెయిల్ శాంప్లింగ్‌లో ట్రేస్ పూర్తయ్యేదాకా కలెక్టర్ ఆగి, ఎర్రర్ ఉన్నవీ నెమ్మదిగా ఉన్నవీ అన్నీ ఉంచి, బాగున్నవి కొన్ని మాత్రమే ఉంచుతుంది. ఒక ట్రేస్ స్పాన్‌లన్నీ ఒకే కలెక్టర్‌కి చేరాలి, అందుకని ముందు ట్రేస్ ఐడీని బట్టి పంచే కలెక్టర్ల వరస ఇంకోటి పెట్టాలి. చిన్న సిస్టమ్‌కి ఇదంతా వద్దు, అన్నీ ఉంచుకోండి.

ఎన్నాళ్లు దాచాలో లాగ్ రకాన్ని బట్టి నిర్ణయించండి. యాప్ లాగ్స్ రెండు మూడు వారాలు వెంటనే వెతికేలా ఉంటే చాలనేది నా అనుభవం. కార్డ్ పేమెంట్లు చూసే సిస్టమ్స్‌కి పీసీఐ డీఎస్‌ఎస్ అనే కార్డ్ డేటా భద్రతా స్టాండర్డ్ ప్రకారం ఆడిట్ లాగ్స్ 12 నెలలు ఉండాలి, ఆఖరి 3 నెలలవి వెంటనే అందాలి, కాబట్టి ఆడిట్ లాగ్స్‌ని మొదటి నుంచే వేరే దారిలో పంపండి.

స్టెప్ 8: కావాలని పాడుచేసి చూడండి

ముందు ఏజెంట్లని కూడా ప్రోమీథియస్‌తో చూస్తూ ఉండండి, ఎన్ని లైన్లు పంపాయి, ఎన్ని పారేశాయి, ఎన్నిసార్లు రీట్రై చేశాయి. ఎప్పుడూ మోగుతూనే ఉండే అలర్ట్ ఒకటి బయట సర్వీస్‌కి పంపండి, అది ఆగిపోయిందంటే మీ అలర్ట్ సిస్టమే పడిపోయిందని అర్థం.

తర్వాత స్టేజింగ్‌లో ఒక సర్వీస్ మెమరీ లిమిట్ సగానికి తగ్గించండి, ఇంకోదానిలో డేటాబేస్ కాల్‌కి 3 సెకన్లు ఆలస్యం పెట్టండి, ఏం చేశారో చెప్పకుండా ఆ కోడ్ రాయని ఒకళ్లని పిలిచి అలర్ట్ మాత్రం చూపించండి. పక్కన కూర్చుని వాళ్లు ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. ట్రేస్ ఐడీని చేత్తో కాపీ చేస్తే అక్కడ లింక్ లేదు. నాకు ఆ సర్వర్‌కి యాక్సెస్ ఇవ్వండి అని అడిగితే ఆ లాగ్ బయటికి రావట్లేదు. కోడ్ తెరిచి చదవడం మొదలెడితే ఆ లైన్‌లో ఫీల్డ్స్ చాల్లేదు. ఆ మూడూ సరిచేసి, రెండు వారాలాగి వేరే మనిషితో, వేరే తప్పుతో మళ్లీ చెయ్యండి.